ఉయ్యాల ఓడెక్కితే

ఆరు నెలలు నిండని బిడ్డను పెద్ద క్రూయిజ్ నౌకలు సాధారణంగా ఎక్కించుకోవు. రాయల్ కరీబియన్, కార్నివాల్, డిస్నీ లాంటి పెద్ద కంపెనీలది ఇదే నియమం. లెక్క చూసేది టికెట్ కొన్న రోజుకు కాదు, ఓడ బయల్దేరే రోజుకు. అట్లాంటిక్‌నో పసిఫిక్‌నో దాటే యాత్రలకు, హవాయి లాంటి దూరపు దీవులకు, వరసగా మూడు రోజులో ఇంకా ఎక్కువో రేవు తగలని ప్రయాణాలకు అయితే ఏడాది నిండాలి. వయసు చాలకపోతే రేవులోనే ఆపేస్తారు, కట్టిన డబ్బు వెనక్కి రావడమూ కష్టం. వర్జిన్ వాయేజెస్, వైకింగ్ లాంటి కొన్ని సంస్థలు 18 ఏళ్ల లోపు వాళ్లను అసలే రానివ్వవు. కడుపుతో ఉన్నవాళ్లకూ హద్దు ఉంది. యాత్ర ముగిసేలోగా 24వ వారంలో అడుగుపెట్టే గర్భిణిని చాలా నౌకలు అనుమతించవు. పెద్దబిడ్డ చంకలో ఉండగా రెండోసారి నెల తప్పిన తల్లి ఈ రెండు లెక్కలూ చూసుకోవాలి.

ఈ నియమాలన్నిటి వెనకా ఉన్నది ఒక్కటే: ఆసుపత్రి ఎంత దూరంలో ఉంది అన్న ప్రశ్న. ఓడలో డాక్టరు ఉంటారు, నర్సులు ఉంటారు, ఎక్స్‌రే, రక్తపరీక్షలు, ఆక్సిజన్ కూడా చాలా ఓడల్లో ఉంటాయి. కానీ పిల్లల డాక్టరు ఉండడం అరుదు. పసికందులకు కావాల్సిన ఇంటెన్సివ్ కేర్ ఉండదు. హెలికాప్టర్ తీరం నుంచి కొన్ని వందల కిలోమీటర్ల దాకానే రాగలదు, గాలివాన ఉంటే అదీ రాలేదు. పెద్దవాళ్లలో రెండు రోజులకు ముదిరే జబ్బు పసిబిడ్డలో కొన్ని గంటల్లోనే ముదురుతుంది. అందుకే నియమం కఠినమైనా సరైనదే. బతిమాలో, పుట్టినతేదీ అటూ ఇటూ చేసో దాటాల్సిన గీత కాదు అది.

మన ఇళ్లలో అన్నప్రాశన చేసేదీ ఆరో నెలలోనే. అప్పటికి మెడ నిలుస్తుంది, ఆసరా ఇస్తే కూర్చుంటుంది, 6, 10, 14 వారాల టీకాలు పూర్తయి ఉంటాయి, మెత్తటి అన్నం నోటికి అలవాటవుతుంది. నిజానికి ఆరు నుంచి పది నెలల మధ్య బిడ్డతోనే ఓడ ప్రయాణం సులువు. పాకినా నడక ఇంకా రాదు, రోజుకు రెండు మూడు సార్లు పడుకుంటుంది. పదకొండో నెల దాటి అడుగులు పడ్డాయంటే ఇరుకు గదిలో ప్రతి సొరుగూ, ప్రతి గడపా, ప్రతి వైరూ బిడ్డ చేతికి అందుతాయి.

బస్సులోనో రైల్లోనో ఒళ్లో బిడ్డకు సీటు లెక్క ఉండదు. ఓడలో అలా కుదరదు. చంటిబిడ్డ కూడా ఒక ప్రయాణికుడే, లైఫ్‌బోటులో ఆ బిడ్డకూ ఒక చోటు లెక్కే. ఇద్దరు పట్టే గదిలో తల్లీ తండ్రీ బిడ్డా ఉంటామంటే ఒప్పుకోరు. ముగ్గురి గదే తీసుకోవాలి. గదులు ఖాళీగా కనిపిస్తున్నా ఆ వైపు లైఫ్‌బోట్ల లెక్క నిండిపోయి మూడో మనిషికి చోటు లేదనడమూ ఉంటుంది. అందుకే బిడ్డతో వెళ్లేవాళ్లు నెలల ముందే గది పట్టుకోవడం మంచిది. చార్జీ ఒక్కో సంస్థలో ఒక్కోలా ఉంటుంది. కొన్ని మూడో మనిషికిచ్చే రాయితీనే బిడ్డకూ ఇస్తాయి, కొన్ని పసిపిల్లలకు చార్జీ తీసుకోవు. రేవు పన్నులు మాత్రం దాదాపు అందరికీ తప్పవు.

ఏ రేవు, ఏ కాలం

బిడ్డతో వెళ్లేటప్పుడు ఓడ ఎన్ని ఊళ్లు చూపిస్తుంది అన్నది తర్వాత. ఇంటి నుంచి రేవు ఎంత దూరం అన్నది ముందు. రాత్రంతా విమానం, తెల్లారి టాక్సీ, మధ్యాహ్నం రేవులో క్యూ, ఇవన్నీ దాటి ఓడ ఎక్కేసరికి బిడ్డ నిద్ర తప్పి, పాలు తాగక, చిరాకుతో ఏడుస్తుంటే మొదటి రెండు రోజులూ ఆ అలసట తీర్చుకోవడానికే పోతాయి. నాలుగు రోజుల యాత్రలో రెండు రోజులంటే సగం.

తెలుగువాళ్లకు దగ్గరి రేవు విశాఖపట్నం. కార్డీలియా సంస్థ ఎంప్రెస్ నౌక 2022 జూన్‌లో విశాఖకు వచ్చి, అక్కడి నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు యాత్రలు నడిపింది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అయితే ఇక్కడి నుంచి ఏడాది పొడవునా ఓడలు తిరగవు, వచ్చిన కొన్ని వారాలే అవకాశం. చెన్నై, ముంబై, కొచ్చి రేవుల్లో అంతకంటే ఎక్కువ యాత్రలు దొరుకుతాయి. ఎంప్రెస్ 1990లో ఫ్రాన్స్‌లో కట్టిన ఓడ. దాదాపు 1,800 మంది పడతారు. ఇప్పటి మహానౌకల పక్కన ఇది చిన్నదే. చిన్న ఓడలో నడక తక్కువ, దారి తప్పడం ఉండదు. కానీ అలలు లేస్తే ఊపు ఎక్కువ తెలుస్తుంది.

అలల సంగతి కాలాన్ని బట్టి ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల వల్ల అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. ఆ నెలల్లో ముంబై, లక్షద్వీప్ వైపు యాత్రలు ఆగిపోయి ఓడ తూర్పు తీరానికి రావడానికి కారణం అదే. బంగాళాఖాతానికి వేసవి చివర ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరోసారి తుపాన్ల గండం ఉంటుంది. జనవరి, ఫిబ్రవరి, మార్చి మొదటి వారాలు రెండు వైపులా నెమ్మదైన కాలం. బిడ్డకు ఇంకా బడి లేదు కాబట్టి దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల రద్దీలో వెళ్లాల్సిన అవసరమూ లేదు. బడులు నడిచే రోజుల్లో చార్జీలు తగ్గుతాయి, లిఫ్టుల దగ్గర గుంపు ఉండదు.

లక్షద్వీప్ అందమైన చోటే, కానీ అక్కడి అగత్తి దీవి దగ్గర పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు. లోతు నీళ్లలో లంగరు వేసి, ప్రయాణికులను చిన్న పడవల్లోకి దించుతారు. ఓడ పక్కనున్న తలుపు దగ్గర పడవ ఒకసారి గడపకు సమానంగా వస్తుంది, మరుక్షణం అడుగు కిందికి పోతుంది. అది పైకి వచ్చిన క్షణంలో సిబ్బంది మోచెయ్యి పట్టుకుని దాటిస్తారు. ఆ సమయంలో బిడ్డ చంకలో ఉండకూడదు. గుండెకు కట్టుకునే క్యారియర్‌లో ఉండాలి, తల్లివో తండ్రివో రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. సముద్రం కాస్త పొంగి కనిపించినా దిగకుండా ఓడలోనే ఉండిపోవడంలో నష్టం లేదు. ఆ పూట ఓడ సగం ఖాళీ అవుతుంది; బిడ్డకు అంత ప్రశాంతంగా మరో పూట దొరకదు.

హైదరాబాద్ నుంచి నాలుగున్నర గంటల విమానంలో సింగపూర్ చేరి, అక్కడి నుంచి పెనాంగ్, ఫుకెట్ వైపు మూడు నాలుగు రాత్రుల యాత్ర చేయడం ఇంకో మార్గం. గడియారం తేడా రెండున్నర గంటలే కాబట్టి బిడ్డ నిద్ర పెద్దగా చెదరదు. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకైతే విమానం అక్కర్లేని రేవులు ఉన్నాయి. హ్యూస్టన్‌కు గంట దూరంలో గాల్వెస్టన్, న్యూజెర్సీ వాళ్లకు బేయోన్, సియాటిల్ వాళ్లకు అలాస్కా వెళ్లే నౌకలు ఊళ్లోనే. కారు డిక్కీలో పట్టినంత సామాను తీసుకెళ్లగలగడం చంటిబిడ్డ ఉన్న ఇంటికి చిన్న సౌకర్యం కాదు.

కాగితాలు

విదేశీ రేవు తగిలే ప్రయాణానికి బిడ్డకు సొంత పాస్‌పోర్టు ఉండాలి, అమ్మ పాస్‌పోర్టులో పేరు చేరిస్తే సరిపోయే రోజులు పోయాయి. మన దేశంలో పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లకే ఇస్తారు. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకు పుట్టినతేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. కాబట్టి బారసాల నాటికే పేరుతో సహా మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో నమోదు చేయించి ఉంచుకోవాలి. తల్లిదండ్రులు ఇద్దరూ సంతకం చేసిన అంగీకార పత్రం, అనుబంధం-డి, పాస్‌పోర్టు దరఖాస్తుకు జత చేయాలి. నాలుగేళ్ల లోపు పిల్లలకు తెల్లని వెనకతెరతో తీయించిన ఫొటో వెంట తీసుకెళ్లాలి. తల్లిదండ్రుల్లో ఒక్కరే బిడ్డను తీసుకెళ్తుంటే రెండోవారి అనుమతి పత్రం నోటరీ చేయించి దగ్గర ఉంచుకోవడం మంచిది. లక్షద్వీప్ మన దేశంలోదే అయినా అక్కడ అడుగుపెట్టడానికి అనుమతి పత్రం కావాలి.

అమెరికాలో చిక్కు ఇంకో రకం. అక్కడే పుట్టిన బిడ్డ ఆ దేశ పౌరుడు కాబట్టి, బయల్దేరిన రేవుకే తిరిగొచ్చే యాత్రలకు జనన ధ్రువపత్రంతో చాలావరకు పని జరిగిపోతుంది. అయినా పాస్‌పోర్టు చేయించడమే క్షేమం. మధ్యలో జబ్బు చేసి ఏ మెక్సికో రేవులోనో దిగాల్సి వస్తే అక్కడి నుంచి విమానం ఎక్కడానికి ధ్రువపత్రం చాలదు. అసలు ఇబ్బంది హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న తల్లిదండ్రులది. పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరిపోయినా మెక్సికో, కెనడాలకు 30 రోజుల లోపు వెళ్లి తిరిగి రావడానికి కొన్ని షరతులతో వెసులుబాటు ఉంది. బహామాస్ లాంటి దీవులకు వెళ్లొస్తే హెచ్‌-1బీ వాళ్లకు ఆ వెసులుబాటు వర్తించదు. బిడ్డ లోపలికి రావచ్చు, తల్లిదండ్రులు బయటే నిలిచిపోవచ్చు. టికెట్ కొనక ముందే వీసా తేదీ చూసుకోవాలి.

గదిలో సంసారం

ఓడలో మామూలు గది మన ఇళ్లలోని చిన్న పడకగదికంటే చిన్నది. మంచం, సోఫా, బల్ల పోను మిగిలిన చోట బిడ్డ తొట్టి వేస్తే నడవడానికి పక్కకు తిరగాల్సిందే. మడతపెట్టే తొట్టిని చాలా ఓడల్లో ఉచితంగానే ఇస్తారు, కాకపోతే ఉన్నవి కొన్నే. టికెట్ కొన్నప్పుడే అడిగి రాయించుకోవాలి. పైనుంచి దించే బెర్తు మీదా, సోఫా మీదా చంటిబిడ్డను పడుకోబెట్టకూడదు. ఓడ ఊగినప్పుడు దొర్లే ప్రమాదం ఒకటి, దిండ్ల మధ్య ఊపిరాడకపోవడం మరొకటి. గట్టి పరుపు మీద వెల్లకిలా, దిండూ దుప్పటీ లేకుండా పడుకోబెట్టాలన్న నియమం నేల మీద ఎంతో నీళ్ల మీదా అంతే.

గది ఎక్కడ ఉందన్నది దాని అందంకంటే ముఖ్యం. ఓడ మధ్యభాగంలో, కింది డెక్కుల్లో ఊపు తక్కువ. నెత్తిన ఈతకొలనో, కింద నాట్యశాలో ఉన్న గదిలో అర్ధరాత్రి దాకా బిడ్డకు నిద్ర పట్టదు. పైనా కిందా గదులే ఉన్న డెక్కు చూసుకోవాలి. కిటికీ లేని లోపలి గది చవక, పట్టపగలు కూడా చీకటి. బిడ్డ పగటి నిద్రకు అది మేలే. కానీ బిడ్డ పడుకున్న రెండు గంటలూ తల్లి ఆ చీకట్లోనే కూర్చోవాలి. డబ్బుకు వెనకాడాల్సిన పరిస్థితి లేకపోతే బాల్కనీ గదే తీసుకోవడం న్యాయం. లోపల బిడ్డ నిద్రపోతుంటే తలుపు ఓరగా వేసుకుని బయట కుర్చీలో కూర్చుని సముద్రం చూడవచ్చు. బిడ్డ లేచినంతసేపూ ఆ తలుపు గడియ వేసే ఉండాలి. కుర్చీని కమ్మీ దగ్గర ఎప్పుడూ వదలకూడదు. బిడ్డను ఎత్తుకుని కమ్మీకి ఆనుకుని ఫొటో దిగడం మానుకోవాలి.

నీళ్లు పోయడం ఒక పెద్ద పనే. తెలుగిళ్లలో పెద్దావిడ పీట మీద కూర్చుని కాళ్లు చాపి, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, సున్నిపిండితో నలుగు పెట్టి, చెంబుతో నీళ్లు పోస్తుంది. ఓడ స్నానాల గదిలో కాళ్లు చాపే చోటు ఉండదు. షవర్ కింద నిలబడితే మోచేతులు గోడకు తగులుతాయి. నూనె చేతులతో, ఊగే నేల మీద, తడి బిడ్డను పట్టుకోవడం ప్రమాదం. గాలి ఊది వాడుకునే చిన్న టబ్బు ఒకటి పెట్టెలో పెట్టుకుంటే దాన్ని షవర్ అడుగున పరిచి, ముందు నీళ్లు పట్టి, మోచేత్తో వేడి చూసి, ఆ తర్వాతే బిడ్డను కూర్చోబెట్టవచ్చు. నూనె మర్దన నాలుగు రోజులు మానితే బిడ్డకు ఏమీ కాదు. టబ్బు ఉన్న కుటుంబ గదులు డిస్నీ నౌకల్లో ఎక్కువ, మిగతా చోట్ల ధర ఎక్కువున్న గదుల్లోనే.

స్ట్రోలర్ విషయంలో పెద్దదాని మోజు వద్దు. చాలా ఓడల్లో మామూలు గది తలుపు వెడల్పు రెండడుగుల లోపే. వరండాలో వదిలేద్దామంటే మంటలు రేగినప్పుడు దారికి అడ్డమని సిబ్బంది ఒప్పుకోరు. గొడుగులా మడిచే తేలికరకం చాలు. డైపర్లు ఓడ దుకాణంలో దొరుకుతాయన్న భరోసా పెట్టుకోకూడదు. రోజుకు ఎనిమిది చొప్పున లెక్కేసి, పైన రెండు రోజులకు సరిపడా కలుపుకోవాలి. వాడినవి మరుగుదొడ్డిలో వేయరాదు. గాలి ఒత్తిడితో లాగే ఆ గొట్టాలు ఒక్క తుడుపు గుడ్డకే మూసుకుపోయి చుట్టుపక్కల గదులన్నీ ఇబ్బంది పడతాయి. బట్టలు సొంతంగా ఉతుక్కునే యంత్రాలు డిస్నీ నౌకల్లో ఉంటాయి, రాయల్ కరీబియన్‌లో ఉండవు.

ఉగ్గు, పాలు, వేడినీళ్లు

తెలుగు తల్లి పెట్టెలో మొదట చేరేవి ఉగ్గుపొడి డబ్బా, చిన్న రైస్ కుక్కర్, నీళ్లు కాచే కెటిల్. రేవులో స్కానర్ దగ్గర వెనక్కి పోయేవీ అవే. వేడెక్కే తీగ ఉన్న సామాను గదుల్లో వాడటాన్ని చాలా నౌకలు నిషేధిస్తాయి. సముద్రం మధ్య ఓడకు మంటకంటే పెద్ద భయం లేదు కాబట్టి ఇందులో వాదనకు చోటు లేదు. ఇంట్లో వండిన పదార్థాలను కూడా సాధారణంగా రానివ్వరు, సీలు తీయని బిడ్డ ఆహారం, పాలపొడి డబ్బాలకు అభ్యంతరం ఉండదు. వేయించి దంచిన బియ్యం, పెసరపప్పు ఉగ్గు వేడినీళ్లలో కలిపితే సరిపోదు, ఉడకాలి. గదిలో ఉడికించే వీలు లేదు కాబట్టి ఆ డబ్బాను ఇంట్లోనే ఉంచి, ఓడ వంటశాలలో దొరికేవాటిని బిడ్డకు ముందే అలవాటు చేయడం మంచి ఉపాయం.

దొరికేవి తక్కువేం కాదు. మన దేశపు రేవుల నుంచి తిరిగే ఓడల్లో పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పప్పు, పెరుగన్నం ఉంటాయి. సింగపూర్ నుంచి బయల్దేరే నౌకల్లోనూ భారతీయ వంటకాలు దొరకడం మామూలే. ఉప్పూ కారం వేయని మెత్తటి అన్నం, ఉడికించిన బంగాళాదుంప, క్యారెట్ కావాలని ముందు రాత్రే భోజనశాల పెద్దకు చెబితే చాలా ఓడల్లో చేసిస్తారు. అరటిపండు ఎప్పుడూ ఉంటుంది. ఏడాది నిండని బిడ్డ నాలుకకు తేనె రాయకూడదు. అందులో ఉండగల బోట్యులిజం క్రిములు ఆ వయసులో ప్రాణాంతకం కావచ్చు. రాత్రి భోజనానికి రెండు బంతులు ఉన్నచోట తొందరగా వడ్డించే మొదటి బంతినే ఎంచుకోవాలి. రెండో బంతి మొదలయ్యేసరికి బిడ్డ నిద్రవేళ దాటిపోతుంది.

తల్లిపాలు తాగే బిడ్డకు ఓడ ఎంతో అనువైన చోటు, గది ఎప్పుడూ నాలుగడుగుల దూరంలోనే ఉంటుంది. పిండిన పాలు మామూలు గది వేడిలో నాలుగు గంటలు, సరైన ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలుస్తాయి. అయితే గదిలోని చిన్న ఫ్రిజ్‌లు చాలావరకు కూల్‌డ్రింకులు చల్లబరిచేంతే చల్లగా ఉంటాయి, పాలకు అది చాలకపోవచ్చు. పాలపొడికైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినట్టు 70 డిగ్రీలకు తగ్గని వేడినీళ్లు కావాలి. కలిపాక చల్లార్చి వెంటనే తాగించాలి, రెండు గంటలు దాటితే పారబోయాలి. మరిగిన నీళ్లు భోజనశాలలో టీ పోసుకునే చోట ఎప్పుడూ ఉంటాయి. మంచి ఫ్లాస్కు ఒకటి వెంట ఉంటే అర్ధరాత్రి పరుగులు తప్పుతాయి. సీసాలు కడగడానికి చిన్న గిన్నె, బ్రష్షు, సబ్బు ఇంటి నుంచే తీసుకెళ్లాలి.

కొలనులోకి ఎందుకు దిగనివ్వరు

ఎక్కిన రోజు మధ్యాహ్నమే చాలామంది తల్లిదండ్రులు నిరాశపడేది ఈతకొలను దగ్గర. మలమూత్రాలు చెప్పడం రాని పిల్లలను కొలనులోకి, వేడినీళ్ల తొట్టిలోకి దిగనివ్వరు. ఈత డైపర్ వేసినా ఒప్పుకోరు. అమెరికా రేవులకు వచ్చే నౌకలను, వాటి కొలనులతో సహా, అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 1970ల నుంచి ప్రత్యేక విభాగం పెట్టి తనిఖీ చేస్తోంది. 100 మార్కులకు 85, అంతకు తక్కువ వస్తే ఓడ తప్పినట్టు. ఈత డైపర్ ఘనపదార్థాన్ని కొంతసేపు ఆపుతుందేమో గానీ నీటిలో కలిసే క్రిములను ఆపలేదు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి క్లోరిన్ నీటిలో కూడా రోజుల తరబడి బతుకుతుంది. అదే నీళ్లు తిరిగి తిరిగి వందల మంది ఒంటికి తగులుతాయి. కొన్ని పెద్ద నౌకల్లో డైపర్ పిల్లలకే వేరుగా నీళ్లు చిమ్మే ఆటస్థలం ఉంటుంది. బిడ్డ నీళ్లాటే ముఖ్యమనుకుంటే అది ఉన్న ఓడనే వెతకాలి. లేదంటే నీడలో గాలి టబ్బు పెట్టుకుని రెండు మగ్గుల నీళ్లతో ఆడించినా బిడ్డకు అదే సంబరం.

డెక్కు మీద ఎండ పైనుంచే కాదు, నీటి మీద పడి మళ్లీ కొడుతుంది. పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత తప్ప బిడ్డను ఆరుబయట తిప్పకపోవడమే మంచిది. పొడుగుచేతుల పలుచని నూలు చొక్కా, మెడ కప్పే టోపీ, ఆ తర్వాతే సన్‌స్క్రీన్.

గంట మోగితే

1912లో టైటానిక్ మునిగాక పుట్టిన సోలాస్ అంతర్జాతీయ ఒప్పందం నేటి ఓడల రక్షణకు పునాది. ఇప్పటి నియమాల ప్రకారం 24 గంటలూ, ఆ పైనా సాగే ప్రయాణంలో ఓడలో ఉన్న ప్రతి పసిబిడ్డకూ ఆ వయసుకు తగిన లైఫ్‌జాకెట్ ఉండి తీరాలి. 15 కిలోల లోపు బిడ్డలకు వాడేది పెద్దవాళ్ల జాకెట్‌కు చిన్న రూపం కాదు, మొహం నీటికి పైన ఉండేలా వేరుగా తయారైంది. గదిలో సాధారణంగా పెద్దవాళ్లవే ఉంటాయి. బిడ్డది ఎక్కిన వెంటనే గది చూసే సిబ్బందిని అడిగి తెప్పించుకోవాలి, ఒకసారి తొడిగి పట్టీలు సరిచేసి చూడాలి. 2012లో కోస్టా కంకార్డియా ఇటలీ తీరంలో ఒరిగిపోయిన ప్రమాదం తర్వాత నియమం మారింది. 2015 నుంచి ఓడ కదలక ముందో, కదిలిన వెంటనో ప్రయాణికులందరికీ రక్షణ కసరత్తు జరగాలి. బిడ్డ నిద్రపోతోందని దాన్ని తప్పించుకోవడం తగదు. ఎవరు బిడ్డను ఎత్తుకోవాలి, ఎవరు పాల సంచి పట్టుకోవాలి, ఏ మెట్ల మీదుగా దిగాలి అన్నది అప్పుడే మాట్లాడుకోవాలి. లిఫ్టులు ఆగితే స్ట్రోలర్ పనికిరాదు.

జబ్బు చేస్తే

ఓడ ఊపుకు వచ్చే వికారం గురించి పెద్దలు పడే భయం పసిబిడ్డల విషయంలో అంతగా అక్కర్లేదు. రెండేళ్ల లోపు పిల్లలకు ప్రయాణపు వికారం అరుదు, రెండు నుంచి పన్నెండేళ్ల వాళ్లకే ఎక్కువ. కాబట్టి పెద్దవాళ్లు వేసుకునే వికారం మాత్ర ముక్క బిడ్డకు పెట్టరాదు. వాటిలో ప్రొమెథజిన్ రెండేళ్ల లోపు పిల్లల ఊపిరినే ఆపగలదు. వికారం వచ్చేది తల్లికి. పాలిచ్చే తల్లి ఏ మాత్ర వేసుకోవచ్చో బయల్దేరక ముందే డాక్టరును అడిగి తెచ్చుకోవాలి.

నిజంగా జాగ్రత్తపడాల్సింది వాంతులు, విరేచనాల గురించి. ఓడల్లో గుంపులు గుంపులుగా అంటుకునే నోరోవైరస్‌కు చేతికి రాసుకునే శానిటైజర్ పెద్దగా పనిచేయదు. సబ్బు, నీళ్లే మందు. పాకే బిడ్డ చేతులు నేల మీద, ఆ వెంటనే నోట్లో. గదిలో నేల మీద వేయడానికి ఇంటి దుప్పటి ఒకటి, గుడ్డతో తుడిచేందుకు సబ్బు నీళ్లు ఉంటే సగం బెడద తీరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, డాక్టరు రాసిచ్చిన జింక్, జ్వరం మందు, థర్మామీటర్ పెట్టెలో కాదు, చేతిసంచిలో ఉండాలి. నోరెండిపోవడం, ఆరు గంటలుగా డైపర్ తడవకపోవడం, పాలకు మొహం తిప్పేయడం, మగతగా ఉండడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఓడ వైద్యశాలకు వెళ్లాలి.

ఆ వైద్యం ఉచితం కాదు, చూసినందుకు, మందుకు, సెలైన్‌కు విడివిడిగా బిల్లు పడుతుంది. రోగిని హెలికాప్టర్‌లోనో వేరే పడవలోనో ఒడ్డుకు చేర్చాల్సి వస్తే అయ్యే ఖర్చు మధ్యతరగతి ఇంటిని కుదిపేస్తుంది. మన మామూలు ఆరోగ్య బీమాలు చాలావరకు విదేశీ జలాల్లో పనిచేయవు. అత్యవసర తరలింపును కూడా భరించే ప్రయాణ బీమా బిడ్డ పేరు మీద తీసుకోవాలి. ఇందులో పొదుపు పనికిరాదు. టీకాల్లో ముఖ్యమైనది తట్టు. మన దేశపు పట్టిక ప్రకారం మొదటి మోతాదు తొమ్మిది నెలలు నిండాకే. విదేశాలకు వెళ్లే 6 నుంచి 11 నెలల బిడ్డలకు ఒక మోతాదు ముందే వేయించాలని సీడీసీ చెబుతుంది. బయల్దేరడానికి కనీసం నెల ముందు పిల్లల డాక్టరుతో ఈ మాట ఎత్తాలి.

అమ్మమ్మ కూడా ప్రయాణికురాలే

అమ్మమ్మ, తాతయ్య, నానమ్మ కలిసి వెళ్లడం తెలుగువాళ్ల ప్రయాణాల్లో మామూలే. ఓడ దానికి సరిగ్గా సరిపోతుంది. మెట్లెక్కి అలసిపోయేవాళ్లు కూర్చోవచ్చు, తిరిగేవాళ్లు తిరగవచ్చు, రాత్రికి అందరూ ఒకే బల్ల దగ్గర చేరవచ్చు. అయితే బిడ్డను చూసుకుంటారని పెద్దావిడను తీసుకెళ్లి, నాలుగు రోజులూ గదిలో కూర్చోబెట్టడం చాలా కుటుంబాల్లో జరిగేదే, అది తగని పని. ఆమె జీవితంలో బహుశా మొదటిసారి నడిసముద్రం చూస్తోంది. మధ్య తలుపు ఉన్న రెండు పక్కపక్క గదులు తీసుకుని, పూటలు పంచుకోవాలి. తండ్రి పూట కూడా అందులో ఉండాలి. కాన్పయి ఏడాది కూడా తిరగని తల్లికి రోజులో మూడు గంటలు ఎవరూ పిలవని సమయం దొరికితే, ఆ ప్రయాణం ఖర్చుకు తగ్గ ఫలం ఇచ్చినట్టే.

డబ్బిచ్చి బిడ్డను అప్పగించే నర్సరీలు కొన్ని నౌకల్లోనే ఉన్నాయి. డిస్నీ నౌకల్లో ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు, రాయల్ కరీబియన్‌లో కొన్ని ఓడల్లో 6 నుంచి 36 నెలల వాళ్లకు గంటల చొప్పున చూస్తారు. చోట్లు కొన్నే కాబట్టి ఎక్కక ముందో, ఎక్కిన మొదటి గంటలోనో పేరు రాయించాలి. ఉచితంగా నడిచే పిల్లల క్లబ్బులు చాలావరకు మూడేళ్లు దాటినవాళ్లకే, అక్కడ డైపర్లు మార్చరు. కొత్త మొహాలు చూస్తే గుక్కపట్టే వయసు ఎనిమిదో నెల చుట్టుపక్కల మొదలవుతుంది. అందుకే మొదటిసారి అరగంటకే అప్పగించి, తిరిగి వచ్చి, మర్నాడు కాస్త పెంచుకుంటూ పోవాలి.

రేవులో, దిగే రోజున

ఓడవాళ్లు అమ్మే ఒడ్డు విహారాల్లో జీపు, స్పీడ్‌బోటు, స్నార్కెలింగ్ లాంటివాటికి పసిబిడ్డలను రానివ్వరు. పొద్దంతా బస్సులో తిప్పేవాటికి బిడ్డను తీసుకెళ్లకపోవడమే దయ. రేవు దగ్గరి ఊళ్లో రెండు గంటల నడక, నీడ ఉన్న తోట, మధ్యాహ్నం నిద్రవేళకు తిరిగి గది, ఇంత చాలు. టాక్సీల్లో బిడ్డ సీటు ఉండదని అనుకునే బయల్దేరాలి. ఓడ కదిలే వేళకు గంట ముందే వెనక్కి రావాలి, సొంతంగా తిరిగేవాళ్ల కోసం ఓడ ఆగదు.

చివరి రాత్రి పెద్ద పెట్టెలన్నీ గది బయట పెట్టమంటారు; అవి మర్నాడు టెర్మినల్‌లో దొరుకుతాయి. అప్పటిదాకా బిడ్డకు కావాల్సిన పాలు, ఐదారు డైపర్లు, రెండు జతల బట్టలు, మందులు చేతిసంచిలోకి తీసిపెట్టుకోవాలి. దిగే పొద్దున గదులు తొందరగా ఖాళీ చేయిస్తారు, పిలుపు వచ్చేదాకా హాల్లో కూర్చోవాలి. చిన్నపిల్లలున్న వాళ్లను ముందు దించమని అడిగితే చాలాచోట్ల వింటారు. అదే రోజు మధ్యాహ్నానికి విమానం పెట్టుకోకూడదు. ఓడ ఆలస్యమైనా, ఇమిగ్రేషన్‌లో క్యూ పెరిగినా బిడ్డతో పరుగులు పెట్టాల్సి వస్తుంది; సాయంత్రం విమానమో, వీలైతే మర్నాటిదో మేలు. ఇంటికి చేరాక రెండు మూడు వారాల్లో బిడ్డకు జ్వరం, ఒంటి మీద దద్దు, విరేచనాలు కనిపిస్తే డాక్టరుకు ముందుగా చెప్పాల్సింది ఏ తేదీల్లో ఏ ఓడలో, ఏయే రేవుల్లో ఉన్నారో ఆ వివరం.